శుభ్రమైన బంపర్

హాబ్స్ డ్రోవ్ ఊరు ఏర్పడ్డ దగ్గర్నుంచి అందులో మర్యాదస్తుడు ఒక్కడే పుట్టాడు. వాడి పేరు పెర్రీ సెచెల్. ఇందులో వాడి తప్పేమీ లేదు, అంతా వాళ్లమ్మ జిల్ చేసిన పని. ఆవిడది పీటర్‌బరో పట్నం. అక్కడ పళ్ల డాక్టరు దగ్గర, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని కూర్చోబెట్టే ఉద్యోగం చేసేది. పన్ను పీకించుకుని చెంప వాచి బయటికొచ్చినవాడికి కూడా చిరునవ్వుతో ధన్యవాదాలు చెప్పి పంపిన మనిషి. క్లైవ్ సెచెల్‌ని పెళ్లాడి ఈ బంగాళాదుంపల మధ్యకి వచ్చి పాతికేళ్లు దాటినా, ఊరు ఆవిణ్ణి ఇంకా పీటర్‌బరో పిల్ల అనే అంటుంది. కొడుక్కి మాటలు వచ్చీ రాకముందే ‘దయచేసి’, ‘క్షమించండి’ నేర్పేసింది. ఆ తర్వాత వాడికి నేర్పాల్సినవి ఏవీ వాడి తలకెక్కలేదు.

మా వైపు మర్యాద అంటే అనుమానం. నల్లమట్టి, గీత గీసినట్టు పోయే కాలువలు, వాటి మీదుగా ఆగకుండా కొట్టే గాలి. ఇలాంటి చోట ‘ఏరా వెధవా, ఇంకా బతికే ఉన్నావా’ అంటే బాగున్నావా అని అర్థం. ఎవరైనా మర్యాదగా పలకరించారంటే వాళ్లతో మనకి తగవు ఉందన్నమాట. ఇది తెలియక ఊళ్లోకి కొత్తగా వచ్చిన పాస్టర్ ఒకాయన, అందరూ తనని ఎంతో గౌరవిస్తున్నారని మురిసిపోతూ చాలాకాలం బతికాడు.

శనివారం సాయంత్రం ఆ ప్రేమంతా స్టేడియంలో చూడాలి. వారం మధ్యలో కుక్కల పందాలు జరిగే చోటే శనివారం స్టాక్ కార్లు తిరుగుతాయి. ముందూ వెనకా ఇనప దూలాల్లాంటి బంపర్లు, మట్టి ట్రాక్, చుట్టూ ఉక్కు తీగల కంచె. ముందున్నవాణ్ణి దాటడానికి రెండు దారులు. సందు చూసుకుని పక్కనుంచి వెళ్లడం ఒకటి, బంపర్‌తో నెట్టేసి వెళ్లడం రెండోది. మొదటిది తప్పని ఎవరూ అనరు గాని, అది చూడ్డానికి ఎవరూ టికెట్ కొనుక్కోరు. ముఖ్యంగా చివరి రౌండు చివరి మలుపులో, వెనకున్నవాడు ముందున్నవాణ్ణి కొట్టి తీరాలి. కొడతాడని ముందున్నవాడికి తెలుసు, ఒళ్లు బిగించుకుని ఎదురుచూస్తాడు. తర్వాత ఇద్దరూ కలిసి టీ తాగుతారు. మా ఊళ్లో పెళ్లిళ్ల కన్నా ఇది ఎక్కువ పద్ధతిగా జరుగుతుంది.

డ్రైవర్ల హోదా కారు పైకప్పు మీద ఉంటుంది. కొత్తవాడికి తెలుపు. కాస్త గెలిస్తే పసుపు, బాగా గెలిస్తే నీలం, ఆ పైన ఎరుపు. తెల్లకప్పు వాళ్లు ముందు వరసలో బయల్దేరతారు, ఎర్రకప్పు వాళ్లు అందరి వెనకా. అంటే మనిషి పైకొచ్చేకొద్దీ వెనక్కి పోతాడు. బాగా పనిచేసేవాడి నెత్తినే ఇంకాస్త పని రుద్దే ఈ ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గాని, లోకం పోకడ బాగా తెలిసినవాడు.

సెచెల్ వాళ్లు రెండు తరాలుగా నీలం దగ్గర ఇరుక్కుపోయారు. తాత ఐవర్ ఎరుపు తప్పకుండా వస్తుందని ఒక డబ్బా రంగు కొని దుంపల షెడ్డులో అరమీద పెట్టాడు. ఆయన పోయాక మూత తీసి చూస్తే అది రాయి. క్లైవ్ దాన్ని పారేసి, అదే చోట కొత్త డబ్బా పెట్టాడు. పెర్రీ ఆ డబ్బా కిందే పాకాడు, నడిచాడు, పెద్దయ్యాక దుంపల బస్తాలు మోశాడు. ఎరుపు కావాలని వాడు ఎప్పుడూ పైకి అనలేదు. ఎవరినైనా ఏదైనా అడగడమంటేనే వాడికి మొహమాటం. కాని లోపల అంతకన్నా గట్టిగా కోరుకున్నది ఏదీ లేదు.

పదహారేళ్లప్పుడు తెల్లకప్పుతో దిగిన మొదటి రేసులోనే వాడి జబ్బు ఊరందరికీ తెలిసిపోయింది. రెండో మలుపులో పొరపాటున ఎవడినో రాసుకుపోయాడు. అవతలివాడు గిర్రున తిరిగి ఆగాడు. జనం ఈలలు వేశారు. పెర్రీ మాత్రం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తల వెనక్కి తిప్పి, క్షమించమని సైగ చేశాడు. అలా వెనక్కి చూస్తూ నేరుగా కంచెలోకి వెళ్లాడు. ఆ చెయ్యి అలా లేచే ఉందని, కంచెకి కూడా క్షమాపణ చెబుతున్నాడేమో అనుకున్నారని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అయినా వాడు పైకొచ్చాడు. దాచడం దేనికి, వాడి చేతిలో విద్య ఉంది. ఎవరినీ కొట్టడు గనక ఎవరూ కనిపెట్టలేని సందులు కనిపెట్టాడు. కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చోట, వానలో గొడుగు పట్టుకుని నడిచే పెద్దమనిషిలా పక్కనుంచి జారుకునేవాడు. ఒక సీజన్‌కి పసుపు వచ్చింది, ఇంకో రెండు సీజన్లకి నీలం వచ్చింది. ఇంత వేగంగా ఎదిగినవాణ్ణి ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. చప్పట్లు కూడా కొట్టారు. చర్చిలో కొట్టినట్టు కొట్టారు.

క్లైవ్ బాధ వేరు. ఆదివారం పొద్దున్నే డ్రైవర్లందరూ కార్లు వాకిట్లో పెట్టి కడుగుతారు. అసలు కడగరు, బంపర్ చూపిస్తారు. బంపర్ మీద ఎవరెవరి రంగు అంటుకుని ఉందో దాన్నిబట్టి శనివారం ఎలా గడిచిందో దారిన పోయేవాళ్లు తెలుసుకుంటారు. పెర్రీ బంపర్ మీద తన రంగు తప్ప ఇంకో రంగు ఉండేది కాదు. క్లైవ్ వాడి కారుని షెడ్డు వెనక, ట్రాక్టరు చాటున కడిగేవాడు. ఒకసారి జిల్ అది చూసి, కొడుకు కారు ఎంత శుభ్రంగా ఇంటికొచ్చిందో అని పొంగిపోయింది. క్లైవ్ ఆవిణ్ణి టీ పెట్టమన్నాడు.

ఇక హోరెస్ పాప్‌వర్త్ గురించి చెప్పాలి. పాత ఇనప సామాను కొట్టు ఆయనది. అరవై దాటినా ఆకుపచ్చ కారు, ఎర్ర పైకప్పు. ఆయనా క్లైవూ ఒకరినొకరు ఎన్నిసార్లు కంచెలో కలిపారో ఇద్దరికీ లెక్కలేదు, అందుకే ఆ ఇళ్ల మధ్య అంత చనువు. ప్రతి అక్టోబరులో, ఇదే నా ఆఖరి రేసని ప్రకటించేవాడు. వసంతంలో తిరిగొచ్చేవాడు. ఊరు దాన్ని వాతావరణ సూచనలా వినేది. కాని ఆ ఏడాది ప్రకటించింది ఆయన కాదు, ఆయన భార్య బెరిల్. మెడ ఎముకలు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడట. బెరిల్ చెప్పిందంటే ఇక తిరుగులేదు.

పాప్‌వర్త్‌ని ‘మిస్టర్ పాప్‌వర్త్’ అని పిలిచేవాళ్లు ప్రపంచంలో ఇద్దరే. ఒకరు మేజిస్ట్రేటు, రెండోవాడు పెర్రీ.

ఆ అక్టోబరు ఫైనల్లో గెలిస్తే పెర్రీకి ఎరుపు ఖాయం. క్లైవ్ ఆ పొద్దున అరమీది డబ్బాని దించి, ఊపి, మూత తీసి చూసి, ఇంకా ద్రవంగానే ఉందని సంతోషించి మళ్లీ పెట్టేశాడు. ఆఖరి రేసు ఆడేవాడికి అందరూ ఆప్యాయంగా తలా ఒకటి తగిలించడం ఆనవాయితీ. సగం రేసయ్యేసరికి పాప్‌వర్త్ కారు నలిపి పారేసిన కాగితంలా ఉంది. అలాంటి కారుతోనే పెర్రీని వెనకనుంచి ఒక్క తోపు తోసి, దాటుకుని ముందుకి పోయాడు. చివరి రౌండు వచ్చేసరికి ముందు ఆకుపచ్చ కారు, దాని వెనకే పెర్రీ, మిగతా వాళ్లెవరూ దగ్గర్లో లేరు.

చివరి మలుపు వచ్చింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. పాప్‌వర్త్ భుజాలు బిగించుకోవడం పెర్రీకి వెనకనుంచి కనిపించింది. కంచె పక్కన ఆయన మనవరాళ్లు అట్టముక్క మీద ‘వీడ్కోలు తాతా’ అని రాసి పట్టుకున్నారు. పెర్రీకి ఆ మెడ గుర్తొచ్చింది. ముసలాయన గెలిచి, కప్పు పట్టుకుని ఇంటికెళ్లే బొమ్మ ఒకటి కళ్లముందు కదిలింది. ఆ బొమ్మలో ఓ పక్కన వినయంగా నిలబడి తను కూడా ఉన్నాడు. చాలా బాగున్నాడు. వాడి కాలు యాక్సిలరేటర్ మీంచి లేచింది.

పాప్‌వర్త్ గెలిచాడు. చప్పట్లు మొదలై మధ్యలోనే నీరుగారిపోయాయి. బహుమతి కప్పుని ఆయన, పిల్లి తెచ్చి గుమ్మంలో పడేసిన ఎలుకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు. తర్వాత పెర్రీ దగ్గరికి వచ్చాడు. పెర్రీ చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

“కాలు ఎత్తేశావు కదూ,” అన్నాడు పాప్‌వర్త్. “నా వెనక ఇంజను చప్పుడు వినడమే నా బతుకు. నాకు తెలియదనుకున్నావా?”

“మీ మెడ బాగాలేదన్నారు, మిస్టర్ పాప్‌వర్త్.”

“నా మెడ సంగతి నీకెందుకు? పొద్దున ఇక్కడికి వచ్చినప్పుడు నేను డ్రైవర్ని. ఇప్పుడు ముసలాణ్ణి చేసి ఇంటికి పంపుతున్నావు. మీ నాన్న నన్ను ఎన్నిసార్లు కంచెకేసి కొట్టినా ఇంత దెబ్బ కొట్టలేదు.”

ఆయన వెళ్లిపోయాడు. క్లైవ్ కారుని లారీ మీదికి ఎక్కించి, గొలుసులు కావలసినదానికన్నా గట్టిగా బిగించాడు. ఎరుపు పోయిందన్న బాధ కాదది. పెర్రీకి అది కూడా అర్థంకాలేదు. మంచిపని చేసినందుకు అందరూ ఎందుకు ఏడుస్తున్నారో తెలియక, దారంతా వాడు లోలోపల ఊరిని క్షమిస్తూ కూర్చున్నాడు.

ఆ చలికాలం ఊరు వాడికి గట్టి శిక్ష వేసింది. అందరూ మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టారు. చిప్స్ దుకాణం డోరీన్ అంతకుముందు వాడు తలుపు తీయగానే, “వచ్చాడమ్మా తిండిపోతు” అనేది. ఇప్పుడు, “రండి, పెర్రీ గారూ, ఏం తీసుకుంటారండీ?” అని అడిగి, చేపముక్కని పొట్లం కట్టి, చిల్లర చేతిలో పెట్టి, శుభసాయంత్రం చెప్పేది. పబ్బులో వాడికి కుర్చీ ఖాళీ చేసి ఇచ్చి, ఆ బల్ల దగ్గర్నుంచి అందరూ లేచిపోయేవాళ్లు. ఇంట్లో సొంత తండ్రి, “తమరికి ఇంకాస్త గ్రేవీ వేయమంటారా?” అన్నాడు. ఇదంతా చూసి ఆనందించింది జిల్ ఒక్కతే. ఊరు ఇన్నాళ్లకి బాగుపడిందని పీటర్‌బరోలో అక్కకి ఫోన్ చేసి చెప్పింది.

పెర్రీ చిక్కిపోయాడు. ఎవరైనా తనని ఒక్క తిట్టు తిడితే చాలుననిపించేది. పాప్‌వర్త్ ఇంటికి క్షమాపణ చెప్పడానికి వెళ్లాడు. తలుపు తీయలేదు. జిల్ కేకు చేసి పంపింది. కేకు తిని ప్లేటు కడిగి, ఎంతో రుచిగా ఉందని కాగితం మీద రాసి పంపారు. అది చదివి క్లైవ్ తల పట్టుకున్నాడు.

జనవరి ఆఖర్లో బెరిల్ దుంపల షెడ్డుకి వచ్చింది.

“మా ఆయన మళ్లీ కారు విప్పాడు,” అంది. “కొత్త బంపర్ కడుతున్నాడు. ఎవడో జాలిపడి విసిరేసిన గెలుపుతో ఆపనంటాడు. ఆ కప్పులో నేను బట్టల క్లిప్పులు వేసుకుంటున్నాను, అది చూసినా ఆయనకి మండుతోంది. అంతా నీ మంచితనం చలవ.”

పెర్రీ మోస్తున్న బస్తా దించాడు. వాడి నోట్లోంచి వచ్చిన ఒకే ఒక్క మాట క్షమించండి.

“ఆ మాట అన్నావంటే ఈ దుంపతో కొడతాను,” అంది బెరిల్. “విను. ఈస్టరుకి ఆయన్ని కొట్టు. మెల్లగా కొడితే జాలిపడ్డావని మళ్లీ వస్తాడు. మరీ గట్టిగా కొడితే ఇక రాడు, ఎక్కడికీ రాడు. ఆ రెండింటి మధ్యలో ఎక్కడో చూసుకుని కొట్టు.”

ఆవిడ వెళ్లాక పెర్రీ బస్తా మీద కూర్చుండిపోయాడు. అప్పటిదాకా వాడికి కావలసింది పైకప్పు మీద రంగు ఒక్కటే. ఇప్పుడు ఒక ముసలాయన మెడ వాడి కాలి కింద ఉంది. కొట్టకపోతే ఆయన ప్రతి శనివారం ఆ మెడతో వస్తూనే ఉంటాడు. కొడితే ఏమవుతుందో తెలియదు. మనుషుల్ని కొట్టడం నేర్పే బడి ఏదీ లేదు, ఉన్నా వీడు అక్కడ కూడా చెయ్యెత్తి అనుమతి అడిగే రకం.

ఈస్టరు శనివారం గాలి వానని అడ్డంగా కొడుతోంది. అలా అయితేనే ఈస్టరు. ఇవాళ గెలిస్తే కూడా ఎరుపే. పెర్రీ ఆ రోజు దేవుడు దిగివచ్చినట్టు నడిపాడు. సందులు వాటంతటవే తెరుచుకున్నాయి. పాప్‌వర్త్‌కి మధ్యలో టైరు పోయి, మార్చుకుని వచ్చేసరికి ఒక రౌండు వెనకబడ్డాడు. చివరి రౌండులో పెర్రీ అందరికన్నా ముందున్నాడు. వెనక తోకలా పసుపుకప్పు కుర్రాడొకడు తగులుకున్నాడు. ఎదురుగా, చివరి మలుపులో, నెమ్మదిగా ఆకుపచ్చ కారు.

రౌండు వెనకబడ్డవాడికి పోయేదేమీ లేదు. ఇలాంటప్పుడు పాప్‌వర్త్ దారికి అడ్డం నిలబడతాడు. నిలబడాలి. క్లైవ్ సెచెల్ కొడుకు ఎరుపు తీసుకుపోతుంటే ఊరికే చూస్తూ ఉండే మనిషి కాదు. కాని ఆ రోజు ఆయన కారుని పక్కకి తీశాడు. లోపలి దారి మొత్తం ఖాళీ చేశాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, హోటల్లో బంట్రోతు తలుపు తీసి పట్టుకున్నట్టు, దయచేయండని సైగ చేశాడు.

పెర్రీకి ఆ చెయ్యి కనిపించింది. అక్టోబరు నుంచి వాడికి అర్థంకానిది ఆ చేతిలో కనిపించింది. ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వచ్చింది. నేనేమైనా బిచ్చగాణ్ణా అనుకున్నాడు. పుట్టాక మొదటిసారి వాడికి నిజంగా కోపం వచ్చింది.

ముందు తెరిచిన దారి ఉంది, దాని చివర జెండా ఉంది, జెండా వెనక ఎరుపు ఉంది. వాడు స్టీరింగు అటు తిప్పలేదు. ఆకుపచ్చ కారు వైపు తిప్పి, కాలు ఎత్తకుండా వెళ్లి కొట్టాడు. రెండు కార్లూ కలిసి కంచెలోకి పోయాయి. తీగలు మూలిగాయి. పసుపుకప్పు కుర్రాడు ఆ ఖాళీ దారిలోంచి పోయి గెలిచి, ఎలా గెలిచాడో తెలియక జెండా మనిషినే అడిగాడు.

పెర్రీ పక్కటెముకలు పట్టుకుని బయటికి దూకాడు. బురదలో పడుతూ లేస్తూ ఆకుపచ్చ కారు దగ్గరికి వెళ్లాడు. పాప్‌వర్త్ కళ్లు మూసుకుని సీటులో కూర్చుని ఉన్నాడు. ఎరుపూ నీలమూ అన్నీ వాడు మర్చిపోయాడు. చంపేశానే అనుకున్నాడు. నోటిదాకా ఆ పాత మాట వచ్చింది. వాడు దాన్ని మింగేశాడు.

“దిగు ముసలోడా,” అన్నాడు. “రాత్రంతా ఇక్కడే పడుకుంటావా?”

పాప్‌వర్త్ ఒక కన్ను తెరిచాడు. మెడని అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి చూసుకున్నాడు. పని చేస్తున్నట్టే ఉంది.

“ఒక చలికాలం పట్టింది కదరా నీకు, దద్దమ్మా,” అన్నాడు. “చెయ్యియ్యి, లేపు.”

అప్పుడు జనం అరిచారు. ఆ అరుపు కాలువ అవతల పొలాల దాకా వినిపించిందట. బెరిల్ పరిగెత్తుకొచ్చి మొగుణ్ణి ఒకటి, పెర్రీని ఒకటి, ఇద్దరినీ సమానంగా కొట్టింది. పాప్‌వర్త్ తన పేరుని డ్రైవర్లలోంచి ఆ సాయంత్రమే తీయించేసుకున్నాడు. మళ్లీ తిరిగొస్తాడేమోనని ఈసారి ఎవరికీ అనుమానం రాలేదు. డోరీన్ టీ బండి దగ్గర పెర్రీకి ముందుగా టీ కప్పు అందించి, గెలిచే రేసుని కంచెకి సమర్పించుకున్న మొనగాణ్ణి ఇక్కడే చూశానని, ఇలాంటి మేధావి తన దుకాణానికి రావడం తన ఖర్మ అని, వరసలో అందరికీ వినపడేలా అంది. పెర్రీకి కళ్లనీళ్లు వచ్చాయి. టీ వేడికి అన్నాడు.

ఎరుపు ఆగస్టులో వచ్చింది. వానపడిన ఒక మామూలు రోజు, మూడో స్థానం, నాలుగో స్థానం పాయింట్లు కలిపి చూసుకుంటే సరిపోయింది. అరమీది డబ్బా మూత తీస్తే అదీ రాయే. ఆ అక్టోబరులో ఊపి చూసి మూత సరిగా బిగించలేదు క్లైవ్. చివరికి పాప్‌వర్త్ తన డబ్బాలో అడుగున మిగిలింది తెచ్చి, మెడకి డాక్టరు కట్టిన పట్టీతోనే నిచ్చెన ఎక్కి, కారిన చోటల్లా తిట్టుకుంటూ తనే వేశాడు. చాలా అసహ్యంగా వేశాడు.

కాని సెచెల్ ఇంట్లో ఎవరూ ఆ పైకప్పు గురించి ఎక్కువ మాట్లాడరు. వాళ్లు చెప్పేది ఈస్టరు రేసు మర్నాటి సంగతి. ఆ పొద్దున పెర్రీ అలవాటుగా కారుని షెడ్డు వెనక్కి తోసుకెళ్లి నీళ్ల గొట్టం పట్టుకున్నాడు. క్లైవ్ వచ్చాడు. ముందు బంపర్ దగ్గర వంగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా మందంగా అంటుకున్న ఆకుపచ్చ రంగుని బొటనవేలితో తడిమి చూశాడు. లేచి కొడుకు చేతిలోంచి గొట్టం లాక్కున్నాడు.

“దాని జోలికెళ్లావంటే కాళ్లు విరగ్గొడతాను, సన్నాసీ,” అన్నాడు. “కారు వాకిట్లోకి తియ్యి.”